బోరు మోటారు స్టార్టరునకు అనుబంధ బోర్డు: దాని కూర్పు, అందు పాటింపవలసిన నియమములు

మార్కాపురము, గిద్దలూరు, కంభము, యఱ్ఱగొండపాలెము ప్రాంతముల సేద్యము నేడు చాలవఱకు బోరు బావులపై నాధారపడి యున్నది. కంభము చెఱువువంటి చెఱువుల క్రింది భూములు తప్ప తక్కిన నేలల రైతు బోరునే నమ్ముకొని మిరపయో, ప్రత్తియో, బత్తాయి తోటయో పెంచుకొనుచున్నాడు. మన నేల క్రింద నున్నది పలకరాయియు, దానివంటి గట్టి రాతి పొరలును. మార్కాపురపు పలకలకు దూరదేశములందు సైతము పేరు తెచ్చిన యా రాయియే నీటి విషయమున మనకు లోటు కలిగించుచున్నది. ఇసుక నేలలలోవలె నీరు ఎల్లెడల వ్యాపించి యుండక, రాతి పగుళ్లయందు మాత్రమే నిలిచి యుండును. కావున బోరు కొంతసేపు నీరు పోసి, పిదప గాలి పోసి, మరల కొంత విరామము దొరకినమీదట నీరు పోయుట మన రైతులకు నిత్యానుభవము.

ఇట్టి బోరులో మోటారు కాలినయెడల కలుగు నష్టము మన సభ్యులకు చెప్పవలసిన పని లేదు. పైపు లన్నియు పైకి లాగింపవలెను; వైండింగు చేయింపవలెను; మరల దింపింపవలెను. ఈ వ్యయమునకు తోడు, పూత పిందెల మీదనున్న పైరు అన్ని దినములు నీరులేక వాడుచుండును. ధననష్ట మిట్లుండగా ప్రాణభయము వేఱొకటి కలదు. చీకటిలో గట్లవెంట స్టార్టరు కడకు నడచిపోయి పాముకాటునకు గుఱియైన వారిని గూర్చియు, తడినేలపై నిలిచి యినుప పెట్టెను ముట్టి విద్యుద్ఘాతమునకు బలియైన వారిని గూర్చియు మనము తఱచుగ వినుచునే యున్నాము.

పట్టణములలో నిప్పుడు ఇంటి దీపములను, పంకాలను, నీటి మోటార్లను చేతిఫోనుతో వెలిగించుటయు, ఆర్పుటయు వాడుకలోనికి వచ్చినది. గోడలోని స్విచ్చి వెనుక నమర్చిన చిన్న అనుబంధ బోర్డు ఈ పని చేయును. ఇంటికి పనికివచ్చిన యా విద్యయే పొలమునకును పనికివచ్చును. పూనా నగరమున సంతోష్ ఓస్త్వాల్ అనువారు కనిపెట్టిన నానో గణేష్ అను పరికరమును, బెంగుళూరునందలి విన్‌ఫినెట్ సంస్థవారి కిసాన్ రాజా అను పరికరమును ఫోనుద్వారా మోటారును నడపుటకై పుట్టినవే. అంగళ్లలో తక్కువ వెలకు దొరకు వేఱు పెట్టెలును అనేకములు గలవు. పాలిటెక్నిక్కులలోను, ఐ.టి.ఐ.లలోను చదివిన మన గ్రామముల యువకులు స్వయముగ అట్టి బోర్డులను కూర్పగలవారై యున్నారు.

ఏ సరకును పొగడుట గాని తెగడుట గాని మా యుద్దేశము గాదు. కొనువాడైనను, చేయించుకొనువాడైనను బోర్డునందు ఏమేమి యుండవలెనో, ఏది యుండరాదో తెలిసికొని యుండుట మేలని యీ వ్యాసము వ్రాయుచున్నాము. దీని సారాంశ మొక్కటియే: అనుబంధ బోర్డు స్టార్టరునకు సేవకుడుగ నుండవలెను గాని యజమానుడుగ నుండరాదు. స్టార్టరులో నిదివఱకే యున్న రక్షణలలో నొకదానినైనను బోర్డు తొలగింపరాదు.

స్టార్టరు పనిచేయు విధము

అనుబంధము గూర్చి తెలియుటకు ముందు మూలమును తెలియవలెను. మన పొలములలో సామాన్యముగ వాడబడు డి.ఓ.ఎల్. స్టార్టరునందు నాలుగు ముఖ్య భాగములు గలవు. మొదటిది కాంటాక్టరు. దానిలోని కాయిలునకు విద్యుత్తు అందినంతసేపు అది యినుపదిమ్మెను లాగి పట్టుకొని, మూడు ఫేజులను మోటారునకు కలిపి యుంచును. రెండవది పచ్చ బటను. నొక్కినపుడు మాత్రమే కలియును. మూడవది యెఱ్ఱ బటను. ఎల్లప్పుడు కలిసియుండి, నొక్కినపుడు విడిపోవును. నాలుగవది ఓవర్‌లోడు రిలే. మోటారు పరిమితికి మించిన ప్రవాహమును తీసికొన్నపుడు వేడెక్కి కాయిలు దారిని త్రెంచును.

ఒక ఫేజునుండి వచ్చిన తీగె ఎఱ్ఱ బటను గుండ, పిదప పచ్చ బటను గుండ, కాయిలు గుండ, ఓవర్‌లోడు రిలే గుండ పోయి రెండవ ఫేజును చేరును. పచ్చ బటనునకు ప్రక్కగ కాంటాక్టరులోని చిన్న కాంటాక్టొకటి కలుపబడి యుండును. మనము పచ్చ బటనును నొక్కి వదలినను మోటారు తిరుగుచుండుటకు కారణ మిదియే. కాంటాక్టరు ఒకసారి పట్టుకొన్న పిదప ఆ చిన్న కాంటాక్టు తన దారిని తానే నిలుపుకొనును.

విద్యుత్తు పోయినయెడల కాయిలు పట్టు వదలును. మరల వచ్చినను, ఎవరో ఒకరు పచ్చ బటను నొక్కువఱకు మోటారు తిరుగదు. ఇది లోపము కాదు, రక్షణ. ఒక ఫేజు లేకుండ వచ్చిన విద్యుత్తు, తక్కువ ఓల్టేజితో వచ్చిన విద్యుత్తు, క్షణక్షణము పోయి వచ్చు విద్యుత్తు మోటారును బాధింపకుండుటకు నిర్మాత లుంచిన కట్టుబాటిది.

ఆటో స్విచ్చి యేల చాలదు

వ్యవసాయ విద్యుత్తు నిర్ణీతములైన గంటలయందే వచ్చును. ఆ గంటలలోను అంతరాయములు కలుగును. వచ్చినప్పుడెల్ల పొలమునకు పోజాలని రైతు ఆటో స్విచ్చి పెట్టించుకొనుట సహజమే. ఐనను కేవలము పచ్చ బటనునకు బదులుగ నుండు ఆటో స్విచ్చి పైని చెప్పిన రక్షణను తీసివేయుచున్నది. అంతేగాక అది యొక్క రైతుతో పోవు నష్టము కాదు. ఈ విషయమును లెక్కతో చూపుదుము.

5 హెచ్.పి. మోటారు 415 ఓల్టుల వద్ద నిండు బరువుతో నడచునపుడు సుమారు 7.5 ఆంపియర్ల ప్రవాహమును తీసికొనును. కాని తిరుగ నారంభించు క్షణమున దానికి ఆఱు రెట్లు, అనగా 45 ఆంపియర్లవఱకు లాగును. 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు ఫేజుకు సుమారు 34 ఆంపియర్లు ఇయ్యగలదు. దానిక్రింద అట్టి మోటార్లు మూడున్న వనుకొందము. మూడును నడచునపుడు తీసికొనునది 22.5 ఆంపియర్లే, ట్రాన్స్‌ఫార్మరునకు బాధ లేదు. మూడింటికిని ఆటో స్విచ్చి లుండి, విద్యుత్తు వచ్చిన క్షణముననే మూడును ఒక్కమాఱు లేచినయెడల, లాగునది 135 ఆంపియర్లు, అనగా శక్తికి నాలుగు రెట్లు. అందుచే ఓల్టేజి పడిపోవును. ఓల్టేజి పడిపోగా మోటార్లు త్వరగా వేగము నందుకొనజాలవు. అందుకొనజాలక ఆ యధిక ప్రవాహమునే యింకను కొంతసేపు లాగుచుండును. ఫ్యూజులు పోవుటయు, ట్రాన్స్‌ఫార్మరు కాలుటయు ఈ విధముననే జరుగుచున్నవి. ట్రాన్స్‌ఫార్మరు కాలినపుడు, తన మోటారును శ్రద్ధగ కాపాడుకొన్న రైతు పైరును ఎండవలసినదే.

అదే మూడు మోటార్లు ఒకదాని తరువాత నొకటి లేచినయెడల అత్యధిక ప్రవాహము, రెండు నడచుచుండగా మూడవది లేచునప్పటి 60 ఆంపియర్లే. అదియు కొలది క్షణములు మాత్రమే. కావున బోర్డునకు ఉండవలసిన మొదటి గుణము నిదానము.

బోర్డునకు విద్యుత్తు, ఫేజుల పరీక్ష

బోర్డులోని చిన్న భాగములకు 12 ఓల్టులును, 3.3 ఓల్టులును చాలును. ఇంటి బోర్డులు 230 ఓల్టులను తీసికొనును. అందుకు న్యూట్రలు తీగె యవసరము. పొలమున స్టార్టరు వఱకు న్యూట్రలు రాని చోట్లు అనేకములు. అట్టి చోట్ల ఎర్తు తీగెనే న్యూట్రలుగ వాడు దురభ్యాస మొకటి కలదు. ఆ ఎర్తు ఎండినను, ఊడినను స్టార్టరు పెట్టెకు విద్యుత్తు ఎక్కును; ముట్టినవారి ప్రాణములకు ముప్పు. కావున రెండు ఫేజుల నడుమ కలుపదగిన 440 ఓల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మరునే బోర్డునకు ఎన్నుకొనవలెను. దానిముందు ఫ్యూజును, పిడుగుల వలనను లైను కుదుపుల వలనను వచ్చు అధిక ఓల్టేజిని మ్రింగుటకు 510 ఓల్టుల తరగతి వారిస్టరును ఉంచవలెను. వారిస్టరు ఫ్యూజునకు తరువాత నుండవలెను గాని ముందుండరాదు. చెడిపోయిన వారిస్టరు తీగెలను కలిపివేయును. అప్పుడు ఫ్యూజు పోయి ప్రమాదమును ఆపును.

మూడు ఫేజులను వేఱువేఱుగ కనిపెట్టుటకు ఆప్టోకప్లరు లను చిన్న భాగములను వాడుదురు. వానిలో ఒక ప్రక్క వెలుగును, రెండవ ప్రక్క ఆ వెలుగును చూచు కన్నును ఉండును. నడుమ తీగె సంబంధము లేదు. లైను ఓల్టేజి బోర్డు మెదడువంటి మైక్రోకంట్రోలరు కడకు రాకుండ వార్త మాత్రము వచ్చును. ఒక ఫేజు పోయినను, ఫేజుల వరుస తాఱుమాఱైనను ఈ విధమున తెలియును. వరుస మాఱిన మోటారు వెనుకకు తిరుగును, నీరు తగ్గును. లైను మరమ్మతు తరువాత తీగెలు మార్చి కట్టినపుడు ఇది కలుగుచుండును.

ఓల్టేజి విషయమున 350 ఓల్టులకు తక్కువగను, 450 ఓల్టులకు ఎక్కువగను ఉన్నపుడు మోటారును లేవనీయకుండుట మంచిది. రెండు ఫేజులు మాత్రమే వచ్చు వేళ కండెన్సర్లు తగిలించి మోటారును నడపువారు గలరు. మోటారు చుట్లు అట్టి వేళలందే మాడును. బోర్డునందు ఆ వెసులుబాటు నుంచుమని యెవరు కోరినను అంగీకరింపరాదు.

నీరులేని పరుగు

మన ప్రాంతమునకు మిక్కిలి యవసరమైన భాగ మిది. బోరులోని మోటారును చల్లబఱచునది దాని ప్రక్కగ పాఱు నీరే. పంపులోని బేరింగులకు నూనెవలె పనిచేయునదియు నీరే. నీరు తగ్గి గాలి లాగునపుడు మోటారునకు పని తగ్గును గనుక అది తీసికొను ప్రవాహమును తగ్గును. ఓవర్‌లోడు రిలే ఎక్కువ ప్రవాహమును మాత్రమే గుర్తించును. తక్కువ ప్రవాహమును గుర్తింపదు. కావున నీరులేని పరుగునుండి సామాన్య స్టార్టరు మోటారును కాపాడజాలదు. ఈ లోపమును తీర్చుటయే అనుబంధ బోర్డునకు గల ముఖ్య ప్రయోజనము.

ప్రవాహమును కొలుచుటకు ఉంగరమువంటి కరెంటు ట్రాన్స్‌ఫార్మరును మోటారు తీగె కొకదానికి తొడుగుదురు. తీగెను కోయవలసిన పని లేదు. వేయింటి కొకటి వంతు గల ఉంగరమైనచో 7.5 ఆంపియర్లకు 7.5 మిల్లీ ఆంపియర్లు వచ్చును. దానిని 100 ఓముల రెసిస్టరు గుండ పంపిన 0.75 ఓల్టులు కలుగును. మోటారు లేచునపుడు 45 ఆంపియర్లకు 4.5 ఓల్టులు కలుగును, మైక్రోకంట్రోలరు 3.3 ఓల్టులకు మించి సహింపదు. కావున దాని ద్వారమువద్ద మఱియొక రెసిస్టరును, అధిక ఓల్టేజిని ప్రక్కకు పంపు డయోడులను ఉంచవలెను. ఉంగరపు తీగెలు ఊడి యున్నపుడు మోటారును నడపరాదు. ఊడిన కొనలయందు అపాయకరమైన ఓల్టేజి పుట్టును.

స్టార్టరునందు కెపాసిటరు కలుపబడి యున్నయెడల ఉంగరమును కెపాసిటరు కలిసిన చోటు దాటిన తరువాత, మోటారు వైపుననే తొడుగవలెను. లేనిచో కెపాసిటరు చేయు సవరణ కొలతయందు చేరి, తప్పు లెక్క చూపును.

ఎంత ప్రవాహమునకు మోటారును ఆపవలెనన్నది కారఖానాలో నిర్ణయింపదగినది కాదు. ప్రతి బోరు దగ్గఱను కొలిచి నిర్ణయింపవలెను. నీరు నిండుగ పోయుచున్నపుడు ఒకసారి, గాలి లాగుట కారంభించినపుడు ఒకసారి కొలువవలెను. మొదటిది 7.5, రెండవది 5 ఆంపియర్లైనచో, నడుమ 6.2 వద్ద హద్దు నుంచవచ్చును. మోటారు లేచిన మొదటి పదునైదు సెకండ్లు ఈ పరీక్షను విడిచిపెట్టవలెను. పిదప అయిదాఱు సెకండ్లు ఎడతెగక హద్దుకు క్రిందుగ నున్నచో ఆపవలెను.

ఆపిన పిదప వెంటనే మరల లేపుట వ్యర్థము. బోరు ఊరుటకు అరగంటయో, గంటయో, అంతకు మించియో పట్టును. ఇదియు బోరు బోరునకు వేఱు. విరామమును రైతే దిద్దుకొనునట్లు బోర్డుపై నొక మీట యుండవలెను. గంటకు మూడు సార్లకు మించి యెట్టి పరిస్థితిలోను మోటారును లేపకుండునట్లు లెక్క కట్టుట క్షేమము. ప్రతి లేపునకును చుట్లు వేడెక్కుననుట మఱువరాదు.

రిలేలు రెండు, ఒకటి కాదు

స్టార్టరును నడపుటకు బోర్డునందు రిలేలు రెండు ఉండవలెను. లేపు రిలే పచ్చ బటనునకు ప్రక్కగ కలుపబడును. ఒక సెకండు మాత్రము కలిసి విడిపోవును. ఆపు రిలే ఎఱ్ఱ బటనుతో వరుసగ కలుపబడును. ఒక్క రిలేతో పని గడపు బోర్డులు చవుకగ వచ్చును. కాని ఆ రిలే మొనలు అతుకుకొనిపోయినయెడల ఎఱ్ఱ బటను నొక్కినంతసేపు మోటారు ఆగి, వ్రేలు తీయగనే మరల తిరుగును. ఆగినదని నమ్మి తీగెను ముట్టినవాని గతి యేమి? రెండు రిలేలున్నచో ఒకటి అతుకుకొన్నను రెండవది ఆపగలదు. ఆజ్ఞ యిచ్చినను ప్రవాహము ఆగకున్నచో బోర్డు ఆపు రిలేను విడచియుంచి, అపాయ సూచన చేయవలెను.

ఆపు రిలే బోర్డునకు విద్యుత్తు లేనపుడు కలిసియుండు తరగతిదై యుండవలయునా, విడిపోవు తరగతిదై యుండవలయునా యని యడుగవచ్చును. విడిపోవునదియైనచో బోర్డు చెడిన దినమున మోటారే తిరుగదు, పైరు ఎండును, రైతు విసిగి బోర్డును పీకివేయును. కలిసియుండునదియైనచో బోర్డు చెడినను పచ్చ, ఎఱ్ఱ బటనులు పూర్వమువలెనే పనిచేయును. ఓవర్‌లోడు రిలే యథాప్రకారము కాపాడును. అప్పుడు నీరులేని పరుగునుండి రక్షణ మాత్రము లోపించును. దానిని రైతు పూర్వమువలె తన కన్నుతో చూచుకొనవలెను. ఈ రెండింటిలో రెండవదియే మనకు తగినదని మా యభిప్రాయము. బోర్డు బాగుగ నున్నదని తెలుపు దీపమొకటి పెట్టె పైననే కనబడుచుండవలెను.

ఇంకొక సూక్ష్మము కలదు. ఇంటి బోర్డులందు వాడు చిన్న రిలేలపై 10 ఆంపియర్లు, 250 ఓల్టులు అని వ్రాసియుండును. స్టార్టరు కాయిలు 415 ఓల్టులది. ఆంపియర్లు చాలునని యా రిలేనే యిందు వాడుట తప్పు, ఓల్టులు చాలవు. మొనల నడుమ మెఱుపు లేచి అవి త్వరగా అతుకుకొనును. 440 ఓల్టులకు తగిన రిలేనే కొనవలెను.

ఓవర్‌లోడు రిలే త్రెంచినపుడు బోర్డు మోటారును తనంత తాను మరల లేపరాదు. రైతు వచ్చి, కారణము విచారించి, చేతితో దిద్దిన పిదపనే లేవవలెను.

ఫోను, రేడియో, హెచ్చరిక

మైక్రోకంట్రోలరుగ షాంగై నగరపు ఎస్ప్రెసిఫ్ సంస్థవారు 2016లో విడుదల చేసిన ఇ.ఎస్.పి.32 వంటిది చాలును. వైఫై ఇంటికి చాలును గాని ఊరినుండి పొలమునకు చేరదు. సిమ్ము గల మోడెము వాడునపుడు, మన పొలమున ఏ సంస్థ సంకేతము అందునో ముందుగ చూడవలెను. పాత 2జి మోడెములలో జియో సిమ్ము పనిచేయదు. సంకేతమే లేని కొండ వారల పొలములకు, అనుమతిపత్ర మక్కఱలేని 865 మొదలు 867 మెగాహెర్ట్జుల రేడియో ఉపయోగపడవచ్చును.

నమోదైన ఫోను సంఖ్యల యాజ్ఞలనే బోర్డు వినవలెను. జవాబు తెలుగున, వీలైన మాటలతోనే, రావలెను: మోటారు లేచినది, నీరు లేదు, ఒక ఫేజు లేదు, అని. విద్యుత్తు పోయిన సంగతిని తెలుపుటకై చిన్న బ్యాటరీ కావలెను.

దూరమునుండి నడపుటలో క్రొత్త ప్రమాద మొకటి పుట్టుచున్నది. పొలమున నొకడు తీగెను సవరించుచుండగా ఇంటినుండి వేఱొకడు మోటారును లేపవచ్చును. దీనికి మూడు కట్టుబాటులు చేయవలెను. పెట్టెపై స్థానికము, దూరము అను రెండు స్థానముల స్విచ్చి యుండి, స్థానికమున నున్నపుడు ఫోను ఆజ్ఞ చెల్లకుండవలెను. లేపుటకు పది సెకండ్లు ముందు గంట మ్రోగవలెను. పనిచేయువాడు మెయిను స్విచ్చిని దింపి, ఫ్యూజులు తీసి తనవద్ద నుంచుకొనవలెను. మొదటి రెండును ఉన్నవని మూడవదానిని మానరాదు.

తీగెల యెడము, పెట్టె

బోర్డుపైని రాగి గీతలలో లైను ఓల్టేజి గలవియు, చిన్న ఓల్టేజి గలవియు ఒకదాని కొకటి సమీపింపరాదు. వాని నడుమ 8 మొదలు 10 మిల్లీమీటర్ల యెడము విడువవలెను. చోటు చాలనపుడు నడుమ బోర్డును చీలికగ కోయించుట ఆచారము. దుమ్ము, తేమ చేరి దారి కట్టకుండ అది అడ్డుపడును. ప్రతి రిలే కాయిలునకును డయోడు నొకదానిని తిరుగవేసి కలుపవలెను. లేనిచో కాయిలు వదలునపుడు పుట్టు ఓల్టేజి దానిని నడపు ట్రాన్సిస్టరును చంపును.

మన వేసవి యెండకు ఇనుప పెట్టె లోపల కలుగు వేడిమి యెట్టిదో చెప్పనక్కఱలేదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు 105 డిగ్రీల తరగతివి కావలెను. వేడిమి పది డిగ్రీలు పెరిగిన కొలది వాని యాయువు సగము తగ్గును. బల్లులు, చీమలు దూరకుండ తీగెల రంధ్రములకు రబ్బరు బిగింపులు వేయవలెను. బోర్డునకు వార్నిషు పూత పూయవలెను. పెట్టెను నీడపట్టున, నీరు నిలువని చోట, ఛాతి యెత్తున నుంచి, దాని లోహపు ఒడలికి మంచి ఎర్తు చేయవలెను.

చిత్రమును గీయుటకు ఫ్రాన్సునందలి గ్రెనోబులులో 1992లో పుట్టిన కైకాడ్ అను ఉచిత సాధనము కలదు. అనుబంధ బోర్డులను గూర్చి లోకమున మంచి మాదిరి యొకటి కలదు. బ్రిటనులోని రాస్ప్‌బెరీ పై సంస్థవారు తమ చిన్న కంప్యూటరు పై నమర్చు బోర్డులకు 2014లో కొలతలను, మేకుల స్థానములను, గుర్తింపు విధానమును వ్రాసి ప్రకటించిరి. అందుచే ఎవరు చేసిన బోర్డైనను మఱియొకరి యంత్రముపై సరిగ నమరుచున్నది. మనమును అట్లే, తీగెలు కలుపు చోట్లకు పేర్లు తెలుగున అచ్చు వేయించి, ఒకే కొలతను పాటించినయెడల ఒక బోర్డు చెడినపుడు వేఱొకటి నిమిషములలో మార్చుకొనవచ్చును.

పరీక్షింపక కలుపరాదు

బోర్డును స్టార్టరునకు కలుపుటకు ముందు, మోటారు స్థానమున మూడు బల్బుల వరుస నుంచి, లైసెన్సు గల ఎలక్ట్రిషియను సమక్షమున పరీక్షింపవలెను. ఒక్కొక్క ఫేజును తీసి చూడవలెను; ఓల్టేజిని తగ్గించి చూడవలెను; నడచుచుండగా బోర్డు విద్యుత్తును తీసి, పచ్చ, ఎఱ్ఱ బటనులు యథాప్రకారము పనిచేయునా యని చూడవలెను. లేపు రిలే మొనలను తీగెతో కలిపి, అతుకుకొన్నట్లు చేసి, ఆపు రిలే కాపాడునా యని చూడవలెను. అన్నిటియందును నెగ్గిన పిదపనే మోటారునకు కలుపవలెను. బాగుగ నున్నపుడు నడచుట గొప్ప గాదు. చెడినపుడు ఎట్లు చెడునో తెలిసియుండుటయే బోర్డునకు యోగ్యత.

ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక కట్టుబాటు

ఇదివఱకు చెప్పినవన్నియు ఒక్క రైతు చేసికొనదగినవి. తక్కినది కూడి చేయవలసినది. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింద నున్న సభ్యులు కూర్చుండి తమకు తాము వరుస సంఖ్యలు నిర్ణయించుకొనవలెను. విద్యుత్తు వచ్చిన పిదప ప్రతి బోర్డును మొదట రెండు నిమిషములు, విద్యుత్తు నిలకడగ నున్నదా యని వేచియుండవలెను. ఆపైని తన వరుస సంఖ్యను ముప్పదిచే హెచ్చించిన సెకండ్లు వేచి మోటారును లేపవలెను. మొదటివాడు రెండున్నర నిమిషములకు, రెండవవాడు మూడు నిమిషములకు, మూడవవాడు మూడున్నర నిమిషములకు లేపును. ఎవరును నష్టపడినది లేదు. ఒక్కడు మాత్రము పాత ఆటో స్విచ్చినే యుంచుకొన్నయెడల తక్కినవారి నిదానము ఫలమును తగ్గించినవా డగును. చెఱువు క్రింద తూము వంతులను పాటించు సంప్రదాయము మన పెద్దలకు కలదు. ఇదియు అట్టి వంతే.

విద్యుత్తు విషయమున తెలుగువారికి సహకారము క్రొత్త గాదు. తెలంగాణమునందలి సిరిసిల్లలో 1970లో విద్యుత్ సరఫరా సహకార సంఘము నెలకొనెను. మన సంఘములు అంత పని పెట్టుకొననక్కఱలేదు. బోర్డులను కలిసి తెప్పించుట, వాని చిత్రమును సంఘముననే భద్రపఱచుట, అదనముగ రెండు బోర్డులను సిద్ధముగ నుంచుట, ఊరి యువకు నొకనికి మరమ్మతు నేర్పించుట, ఇవి చాలును. పది బోర్డులను కలిపి చేయించినపుడు ఒక్కొక్కదాని వెల విడిగ చేయించినదానికంటె ఎంతయో తగ్గును. కొనిన పెట్టె చెడినపుడు అమ్మినవాడు కనబడకపోవు బాధయు తప్పును.

ఇంటి నీటితొట్టి మోటారునకును ఈ బోర్డునే కొలది మార్పులతో వాడవచ్చును. ఒక్క ఫేజు గనుక ఫేజుల వరుస పరీక్ష అక్కఱలేదు. తొట్టిలో నీటిమట్టమును తెలుపు తేలుడు స్విచ్చిలు రెండు చేర్చిన చాలును. నేర్చుకొను యువకులు మొదట దీనిని చేసి, చేయి తిరిగిన పిదప పొలమునకు పోవుట మంచిది.

తుదకు సభ్యులకు మేము మనవి చేయున దొక్కటి కలదు. బోర్డు నీటిని పుట్టింపదు. బోరులోనున్న కొలది నీటిని మోటారు కాలకుండ, ట్రాన్స్‌ఫార్మరు కాలకుండ, మనుష్యుడు చీకటిలో నడువకుండ పైరునకు అందించుటకు మాత్రమే అది సాధనము. కావున రైతు సోదరులు వెలను మాత్రమే చూచి కొనక, పైని చెప్పిన రక్షణలు గలవో లేవో విచారించి, తమ ట్రాన్స్‌ఫార్మరు క్రింది వారితో వరుస కుదుర్చుకొని, ఆ పిదపనే యీ క్రొత్త సాధనమును తమ స్టార్టరు ప్రక్క చేర్చుకొందురు గాక.